పీసు రేటు మీద ప్రశ్నలు

సోలాపూర్ మరమగ్గ కార్మికుల సంక్షేమ సంఘం ఇకపై మేఘాల్లోంచి పనిచేస్తుందని అధ్యక్షులు సిద్ధరాములుగారు నీలం నగర్‌లో ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. సంఘం ఆఫీసుకు ఎదురుగా నాది చాయ్ బండి. ఆ రోజు రెండు వందల కప్పులు పోయాయి కనుక నా చప్పట్లలో కల్తీ లేదు.

నలభై వేలమంది కార్మికుల వివరాలు, పింఛన్ల కాగితాలతో సహా, క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌కి ఎక్కాయి. పుణె నుంచి వచ్చిన కన్సల్టెంట్ నిలేష్ మా పేటవాడే. అతను రెండు ప్లాన్లు చూపించాడు.

"ఒకటి ఫిక్స్ సార్. వాడినా వాడకున్నా నెలకింత. ఇంకోటి, ప్రశ్న అడిగినప్పుడల్లా ఛార్జి. మస్తు మంది అడిగెటట్లుంటే ఫిక్సే అగ్గువ."

అధ్యక్షులు నవ్వారు. "కాయ్ రే నిలేష్, మీ నాయిన దేని మీద నేసిండు? పీసు రేటు మీద. టవలుకింత. ఫిక్స్ జీతమిస్తే మగ్గం ఎవడు నడుపుతడు? నీ క్లౌడ్‌ను గూడ పీసు మీదనే పెట్టు!"

అంతటి దూరదృష్టి నేను మునుపు చూసి ఎరగను.

మొదటి నెల బిల్లు చూడగానే ఆ దూరదృష్టికి చెమటలు పట్టాయి. కండెలు చుట్టే రాజమ్మకి మూడు నెలలుగా పింఛన్ రాలేదు. రోజూ పొద్దున్నే వచ్చి "నా పింఛన్ ఏమాయె సాహెబ్?" అని అడిగేది. ఆమె ఒక్క పేరు కోసం క్లౌడ్ నలభై వేల పేర్లూ తిరగేసి, 'పెండింగ్' అని చెప్పి, తిరగేసినంతకీ ఛార్జి వేసేది. ఆమెను చూసి మిగతావాళ్లూ అడగడం మొదలుపెట్టారు.

సిద్ధరాములుగారు వెంటనే ఖర్చు తగ్గింపు ఉద్యమం చేపట్టారు. ప్రశ్నకు మూడు కాపీల అర్జీ పెట్టారు. అర్జీలు పరిశీలించడానికి కమిటీ వేశారు. మొదటి మీటింగులో "అందరూ వచ్చిన్రా?" అని అడిగిన సభ్యుణ్ణి తీసేశారు. మూడో నెలకి బిల్లు సున్నా అయింది. అవార్డు ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా సంఘం హాల్లో దిగారు.

టవలూ టోపీ సత్కారం అందుకుని మంత్రిగారు పొంగిపోయారు. "ఒక్క ప్రశ్న కూడా లేని కార్మిక సంఘాన్ని నా రాజకీయ జీవితంలో చూడలేదు!"

అప్పుడే రాజమ్మ లేచి నిలబడింది. వేదిక మీద చాయ్ అందిస్తున్న నేను కెటిల్ దించాను.

"కూసో అక్కా! అడగకు, బిల్లు పడ్తది!" అన్నారు అధ్యక్షులు.

"నేనేడ అడుగుతున్న? చెప్తున్న. ఆరు నెలలాయె, పింఛన్ రాలె. షుగర్ గోలీలు బందువెట్టిన. రాసుకోండ్రి."

అధ్యక్షులు నిలేష్ చెవిలో గొణిగారు. "దీనికెంత పడ్తది?"

"ఏం లేదు సార్. లోపలికి ఏసుడు ఫ్రీ. బయటికి తీస్తెనే ఛార్జి."

సిద్ధరాములుగారి ముఖం వెలిగిపోయింది. మైకు లాక్కుని అక్కడికక్కడే 'చెప్పుకో' పథకం ప్రకటించారు. హాలంతా లేచింది. కూలి గురించి, కరెంటు గురించి, ఒకాయన అల్లుడి గురించి కూడా చెప్పుకున్నారు. నిలేష్ టైపు చేస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు కష్టాలు పైసా ఖర్చు లేకుండా క్లౌడ్‌కి చేరాయి. జనం తేలికపడి ఇళ్లకు బయల్దేరారు.

రాజమ్మ మాత్రం కదల్లేదు.

"మంచిగనే ఉన్నది సాహెబ్. మరి మేం చెప్పింది ఎవరన్న ఎప్పుడు చదువుతరు?"

మంత్రిగారు అధ్యక్షులవైపు చూశారు. అధ్యక్షులు నిలేష్ వైపు చూశారు. నిలేష్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"అమ్మా, గది ప్రశ్న కిందికొస్తది."