డ్రాయింగులో కూర్చోని మనిషి

విశాలమైన గదిని మించిన శత్రువు మనిషికి మరొకటి లేదు!

ఊరికే అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా మందుల ఫ్యాక్టరీలకు ఆటోమేటిక్ మెషీన్లు డిజైన్ చేస్తున్నాను. పెద్ద హాలు ఇస్తే మెషీన్లు ఎవరైనా పరుస్తారు. అందులో నా గొప్పేముంది? పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు ఉన్న గది చూపించి, "సీసాలు కడగడం, ఆరబెట్టడం, మందు నింపడం, మూత బిగించడం, అన్నీ ఇందులోనే అవ్వాలి. వీలైతే ఒక మనిషి కూడా పట్టాలి" అనే కస్టమరే నా పాలిట దేవుడు. ఆ 'వీలైతే' అన్న మాట వినగానే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇరుకులో ఎన్ని లాభాలో మీకు తెలుసా? ఇద్దరు పోట్లాడుకోవాలంటే ఒకరైనా అడుగు ముందుకు వెయ్యాలి. నా గదుల్లో ఆ అడుగు ఉండదు! చాడీలు చెప్పాలంటే పక్కకు ఒంగాలి. ఒంగితే మోచెయ్యి ఎర్ర బటన్‌కు తగిలి లైన్ మొత్తం ఆగిపోతుంది కాబట్టి ఎవరూ ఒంగరు. గది తుడవడం కూడా ఎంతో తేలిక. తుడవడానికి నేల కనిపిస్తే కదా!

మెషీన్‌కూ గోడకూ మధ్య రిపేరు కోసం జానెడు సందు వదలడం నా అలవాటు. ఒక ఫ్యాక్టరీలో ఆ సందులో దూరగలిగిన మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. అందరూ అతన్ని సన్నాయి అంటారు. నా పుణ్యమా అని అతని ఉద్యోగం పర్మనెంట్ అయింది. పెళ్లి కుదిరిందని శుభలేఖ ఇస్తే మాత్రం మేనేజరు మొహం వాడిపోయింది. "మీ అత్తగారు వంట బాగా చేస్తారా?" అని దిగులుగా అడిగాడట, పాపం.

మా ఆఫీసు రహస్యం ఒకటి చెబుతాను, ఎవరితో అనకండి. డ్రాయింగులో చోటు సరిపోయిందో లేదో చూడటానికి కంప్యూటర్లో రెడీమేడ్ మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది. మేం దాన్ని 'బావగారు' అంటాం. ఏ గదిలో పెట్టినా ఏ పనీ ముట్టుకోకుండా గంభీరంగా నిలబడి ఉంటారు మరి! వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. పొట్ట లేదు. దాహం వెయ్యదు. మోకాళ్లు వంగవు. "బావగారు పట్టారా?" అని మా బాసు అడుగుతారు. "పట్టారు సార్, కొంచెం ఒత్తిగిలి" అంటాను. డిజైన్ పాసైపోతుంది.

ఇంత సాఫీగా సాగుతున్న నా బతుకులోకి ఒక స్టూలు వచ్చి పడింది.

పైన చెప్పిన పన్నెండు బై తొమ్మిది గదిలో మెషీన్ బిగించేశాం. దాన్ని నడిపే ఆపరేటరుకు యాభై దాటాయి. ఫ్యాక్టరీ అంతా ఆవిడను పెద్దక్క అంటారు. అద్దానికి బిగించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, లోపల పడిపోయిన సీసాలను లేపి నిలబెట్టడం ఆవిడ పని. సీసాలను నిలబెడుతూ ఎనిమిది గంటలూ తనూ నిలబడే ఉండాలి.

"మీ మిషన్ బంగారం సార్. ఇక్కడ ఒక్క ఎత్తు స్టూల్ పట్టే చోటుంటే చూడండి. మోకాళ్లు లాగేస్తున్నాయి" అంది మొదటి రోజే.

నేను టేపు తీసి కొలిచాను. స్టూలుకు పదిహేను అంగుళాలు కావాలి. ఉన్నది పదకొండు.

"నాలుగంగుళాలేగా సార్."

నాలుగంగుళాలేగా! నాలుగు మిల్లీమీటర్ల కోసం రెండు రాత్రులు నిద్ర మానుకున్న మనిషిని పట్టుకుని అనే మాటేనా ఇది? అయినా స్టూలు ఎంత ప్రమాదమో ఆవిడకేం తెలుసు? స్టూలుంటే కూర్చుంటారు. కూర్చుంటే ఆలోచిస్తారు. ఆలోచిస్తే స్టూలుకు దిండు అడుగుతారు. ఇదంతా ఓపిగ్గా వివరించాను.

ఆవిడ అంతా విని, మూలనున్న కరెంటు బీరువా వైపు గడ్డం ఎత్తింది. "మరి దాని ముందు అంత జాగా వదిలేశారేంటి సార్?"

"అది మిషన్ బుర్ర. వేడెక్కితే పాడైపోతుంది. గాలాడాలి. అందుకే దానికి సొంతంగా ఏసీ కూడా పెట్టాం."

"రెండు గంటలకోసారి మిషన్ ఆగుతోంది కదా, అదెందుకు?"

"పది నిమిషాలు రెస్టు."

"ఆ పది నిమిషాలూ నేనేం చెయ్యాలి సార్?"

"నిలబడి చూస్తుండాలి" అన్నాను. మాన్యువల్‌లో అలాగే ఉంది. రాసింది నేనే.

మూడో రోజు ఫైనల్ ట్రయల్. ఒక షిఫ్టు మొత్తం మెషీన్ మొరాయించకుండా నడిస్తేనే కస్టమరు సంతకం పెడతాడు. ఆ పొద్దున పెద్దక్క రాలేదు. కాళ్లు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదని కబురు చేసింది. అక్కడి క్వాలిటీ మేడమ్ మాన్యువల్‌లో లేకపోతే ఊపిరి కూడా పీల్చని మనిషి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మిషన్ మీదేగా, మీరే నడపండి" అంది.

నడిపాను. తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగు డ్రెస్సు, దాని మీద కళ్లద్దాలు. ఆ డ్రెస్సు తొడుక్కుంటే మనిషి మూడంగుళాలు లావవుతాడని నాకు అప్పుడే తెలిసింది. మా బావగారు ఇరవై రెండేళ్లుగా డ్రెస్సు లేకుండానే తిరుగుతున్నారన్నమాట! మొదటి గంట హాయిగా గడిచింది. రెండో గంటలో ఒక కాలి మీద నిలబడటం నేర్చుకున్నాను. మూడో గంటలో రెండో కాలు నేర్చుకుంది. నాలుగో గంటలో మెషీన్ రెస్టు తీసుకుంటుంటే దాన్ని చూసి కుళ్లుకున్నాను. అయిదో గంటలో పెద్దక్క మీద జాలి వేసింది, నా మీద నాకు అసహ్యం వేసింది. ఆరో గంటలో ఒక అద్భుతం కనిపించింది. కాళ్ల దగ్గరున్న గాలి గొట్టాన్ని అవతలి వైపుకు మారిస్తే చాలు, అచ్చంగా నాలుగంగుళాలు కలిసొస్తాయి!

ఇంటికొచ్చి కాళ్లు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని మూలిగాను. మా ఆవిడ పక్కనే నిలబడి చూసింది. "ఒక్క రోజుకేనా? మన వంటిల్లూ మీరే గీశారుగా, అందులో స్టూల్ ఎక్కడేశారో చూపించండి" అంది. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని మాట మార్చాను.

మర్నాడే గొట్టం జరిపి కొత్త డ్రాయింగు గీశాను. కూర్చున్న బావగారి కోసం కంప్యూటరంతా వెతికితే దొరకలేదు. చివరికి నేనే ఆయన మోకాళ్లు వంచి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆ డ్రాయింగు చూసి కస్టమరు పొంగిపోయాడు.

"పదిహేను అంగుళాలు మిగిలాయా! ఎంత తెలివండీ మీది! ఆయన్ని లేపేసి అక్కడ స్టిక్కర్ల మిషన్ పెట్టెయ్యండి."

పాఠకులారా, ఇరుకు గదికి చోటు సంపాదించి పెట్టడం ఎంత మహాపాపమో చూశారా? కూర్చున్న మనిషిని చెరిపేశాను. పదిహేను అంగుళాల చోటులో మెషీన్ భాగం ఒకటి గీశాను. పేరు: కుదుపు నిరోధక పీఠం. ఎత్తైనది, గుండ్రటిది, నాలుగు కాళ్లు. మాన్యువల్‌లో కొత్త పేజీ చేర్చాను: 'మెషీన్ అదరకుండా ఉండాలంటే, నడుస్తున్నంతసేపూ ఈ పీఠం మీద యాభై నుంచి తొంభై కిలోల బరువు కదలకుండా ఉండాలి.' పెద్దక్క బరువెంతో అడిగే ధైర్యం లేక అందాజుగా వేశాను.

కస్టమరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మిషన్‌కి కావాలంటే తప్పదు కదా" అంటూ సంతకం పెట్టాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

నెల తర్వాత పెద్దక్క ఫోన్ చేసింది. "సార్, నాకు మెమో ఇచ్చారు."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏమైందమ్మా? పట్టుబడ్డామా?"

"మూడు నిమిషాలు లేచి నిలబడ్డానట సార్! మిషన్‌కేమైనా అయితే ఎవరు బాధ్యులని మేడమ్ తిట్టిపోశారు." అవతల ఆవిడ నవ్వు ఎంతకీ ఆగలేదు.

ఇదంతా మా ఆవిడకు చెప్పాను. పొయ్యి ముందు నిలబడే అంతా వింది. గరిటె పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"ఆ మాన్యువల్ ఒకసారి ఇలా ఇవ్వండి. మన గ్యాస్ పొయ్యి కూడా అదురుతున్నట్టుంది."