రెడ్డిగూడెం వెళ్లొచ్చిన ముక్క

తిరువూరు కాలేజీ ల్యాబులో వంశీకృష్ణకు ఆ ఉదయం ఒకటే పని. ఉపగ్రహాల చట్రానికి వాడే పదార్థంలోంచి కోసిన పెన్సిలంత ముక్క గడ్డకట్టించే చలిలో వేడిని ఎంత దాటనిస్తుందో కొలవాలి. మధ్యాహ్నం అతని గైడు సుప్రజ మేడమ్ వెంట వచ్చే నిపుణులకు ఆ కొలత చూపించాలి. ముక్క ఒక్కటే ఉంది. చూపించలేకపోతే అతని ఫెలోషిప్పు అంతటితో సరి.

చలి పుట్టించే ద్రవ నైట్రోజన్ అడుగంటింది. ఊళ్లో అది ఉండేది, వీర్యం గొట్టాలను అందులో నిల్వ ఉంచి గేదెలకు ఎద సూదులు వేసే దేవానందం దగ్గర. ఆయన పొద్దున్నే నిండు క్యాను తెచ్చిపెట్టి, వాటర్ క్యాన్ల వాళ్లలాగే పాతది పట్టుకుపోయాడు. వంశీ టీ తాగి వచ్చి చూసేసరికి పాత క్యాను లేదు. దాని అడుగున మిగిలిన కాస్త నైట్రోజన్‌లోనే అతను ముక్కను వేలాడదీసి ఉంచాడు మరి.

దేవానందం ఫోను ఎత్తలేదు. రెడ్డిగూడెంలో రైతు అంకారావు గేదె దగ్గరికి వెళ్లాడని ఆయన భార్య చెప్పింది. ముక్క దొరకగానే అందులో వేయాలని వంశీ నిండు క్యానును బండి ముందు పెట్టుకుని, మూత తీస్తే ఆవిరైపోతుందని దాన్ని ముట్టుకోకుండా బయలుదేరాడు. ప్రతి గోతికీ ప్రాణం విలవిల్లాడింది.

అంకారావు మామిడితోటలో సూది అప్పటికే అయిపోయింది. దేవానందం పక్క తోటకు వెళ్లాడట.

"క్యానులోంచి పుల్లలాంటిది ఏమన్నా తీశాడాండీ?" అన్నాడు వంశీ.

"తీశాడు, గేదెకి పెట్టాడు. ఏం బాబూ?"

"అది ఉపగ్రహం ముక్కండీ."

అంకారావు మొహాన నెత్తుటి చుక్క లేదు. గేదె సంగతి తేలేదాకా కదలడానికి వీల్లేదని బండి తాళం లాక్కున్నాడు. చుట్టుపక్కల తోటల వాళ్లు వచ్చి గేదె పొట్టకు చెవులు ఆనించారు. నిపుణులు వచ్చేశారని మేడమ్ ఫోను చేసింది. వంశీకి ఏడుపొక్కటే తక్కువ.

చివరికి దేవానందం తాపీగా వచ్చాడు. గేదెకు పెట్టింది తన క్యానులోని గొట్టమేనని చెప్పాడు.

"మీ ముక్క నాకెందుకు సార్? పొద్దున్నే దాన్ని నిండు క్యానులోకి మార్చే కదా నేను పోయింది."

వంశీ బండి మీది క్యాను మూత తీశాడు. తెల్లటి ఆవిరిలో ముక్క పదిలంగా వేలాడుతోంది. పొద్దుటినుంచీ అతను వెతుకుతున్నదాన్నే మోసుకు తిరిగాడు.

సాయంత్రానికి కొలత చక్కగా వచ్చింది. మేడమ్ వాళ్లకు ఏం చెప్పిందో గానీ, నిపుణులు ఫెలోషిప్పు పొడిగించి, నమూనాను గోతుల రోడ్డు మీద కూడా పరీక్షించిన ముందుచూపును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.