సలహారావు మూడు కాపీలు

ఆ ఉదయం సలహారావు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. ఎనిమిదింటికి కంప్యూటర్ కోర్సులో కొత్తగా చేరిన పిల్లలకు ఓ గంట జాగ్రత్తలు చెప్పాలి. తొమ్మిదింటికి టీ తాగాలి. పన్నెండింటికి తన చివరి ఏడాది ప్రాజెక్టు వైవాకు హాజరై, పాసై, అప్పటికే చేతికొచ్చిన ఉద్యోగంలో వచ్చే వారం చేరిపోవాలి.

సలహారావు అతని అసలు పేరు కాదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ సమానంగా సలహాలిస్తాడని యూనివర్సిటీ ముద్దుగా పెట్టుకున్న పేరు. అసలు పేరు అటెండెన్సు రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

అప్పట్లో కంప్యూటర్ ల్యాబ్‌లోకి అడుగుపెట్టాలంటే చెప్పులు బయట విప్పాలి. అద్దాల తలుపు తోయగానే ఏసీ చలి అరికాళ్ళలోంచి పాకేది. లోపల ఇరవై కంప్యూటర్లు, వాటికి నలభై మంది పిల్లలు. ప్రతివాళ్ళ చేతిలోనూ ఓ నీలం ఫ్లాపీ. ఫ్లాపీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పాలి. అరచేతిలో ఇమిడే పలచని ప్లాస్టిక్ బిళ్ళ. ఈ రోజుల్లో అందులో ఒక్క ఫొటో కూడా సరిగ్గా పట్టదు గానీ, ఆ రోజుల్లో మూడేళ్ళ చదువు పట్టేది.

"రాసుకోండి," అన్నాడు సలహారావు. "పది నిమిషాలకోసారి సేవ్ చెయ్యండి. కరెంటేమీ మన చుట్టం కాదు, చెప్పి వెళ్ళడానికి. తెరమీద తప్పు చూపిస్తే 'ఏదో వచ్చింది సార్' అని పరిగెత్తుకురాకండి. ఏమొచ్చిందో పొల్లుపోకుండా రాసుకోండి. పావుగంట మీరే కుస్తీ పట్టండి, అప్పటికీ తేలకపోతే సిగ్గుపడకుండా అడగండి. తప్పు చేస్తే వెంటనే ఒప్పుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పనికైనా మూడు కాపీలు, మూడు చోట్ల! ఒక్క కాపీ ఉందంటే అసలు లేనట్టే లెక్క."

ముందు వరసలో బుల్లెమ్మ కామాలతో సహా రాసుకుంటోంది. ఇంట్లో అయిదుగురిలో చిన్నది కాబట్టి ఆ పిలుపు. టాక్సీ నడిపే నాన్న నిన్ననే దింపి వెళుతూ "ఎవరి వస్తువూ ముట్టుకోకమ్మా" అని మరీ మరీ చెప్పాడు.

"పేరు చీటీ ఎక్కడ అంటించాలో చూపిస్తాను, నీ ఫ్లాపీ ఓసారి ఇలా ఇవ్వమ్మా," అని సలహారావు ఆమెది తీసుకున్నాడు. చూపించాడు. బల్ల మీద తన ఫ్లాపీ పక్కన పెట్టాడు. చేతిలో పెన్ను కొరుకుతూ మరో అయిదు సలహాలిచ్చాడు. తర్వాత ఒకటి ఆమె చేతికిచ్చి, రెండోది జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడు అందరూ ఫ్లాపీలు ఫార్మాట్ చెయ్యండి. అంటే లోపలంతా తుడిచి శుభ్రం చెయ్యడమన్నమాట," అని టీకి వెళ్ళిపోయాడు.

బుల్లెమ్మ శుభ్రంగా తుడిచింది. పేరు చీటీ అంటిద్దామని ఫ్లాపీ తిప్పి చూసేసరికి ఓ మూల పంటిగాట్లు కనిపించాయి. తన ఫ్లాపీని తను కొరికిన గుర్తు లేదు. ఆలోచనలో పడితే చేతిలో ఏదుంటే అది కొరికే మనిషి ఈ గదిలో ఇందాకటిదాకా ఒక్కడే ఉన్నాడు. ఏసీ గదిలో ఆమెకు చెమట పట్టింది.

తొమ్మిదింపావుకు సలహారావు తిరిగొచ్చి, వైవాకు ముందు ప్రాజెక్టు ఓసారి చూసుకుందామని జేబులో ఫ్లాపీ మూడో నంబరు కంప్యూటర్‌లో పెట్టాడు. లోపల ఏమీ లేదు. తీసి, ఊది, మళ్ళీ పెట్టాడు. అయినా లేదు.

"వైరస్!" అని అరిచాడు.

ల్యాబ్ మాస్టారు స్క్రూడ్రైవరుతో పరిగెత్తుకొచ్చి మూడో నంబరు కంప్యూటర్ పొట్ట విప్పేశారు. పిల్లల ఫ్లాపీలన్నీ లాక్కుని బకెట్లో పడేశారు. కొత్తవాళ్ళు కంప్యూటర్ పగలగొట్టారని వరండాలో, రెండు పగలగొట్టారని ఆఫీసులో, ల్యాబ్‌లో పొగ వస్తోందని హెడ్ మేడమ్ గదిలో వార్త చేరింది. అటెండరు ఇసుక బకెట్‌తో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మంట ఎక్కడుందో చూపిస్తే ఇసుక పోసి వెళ్ళిపోతానంటాడు.

బుల్లెమ్మ సలహారావు దగ్గరికెళ్ళింది. "అన్నయ్యా, మీ ఫ్లాపీ నాది..."

"నీదిస్తావా? నీ మనసు మంచిదమ్మా. కానీ ఖాళీ ఫ్లాపీ నేనేం చేసుకోను?" అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారి దగ్గరికెళ్ళింది. "సార్, ఆ ఫ్లాపీ..."

"ఎవరి ఫ్లాపీ వాళ్ళకి సాయంత్రం ఇస్తాను. వెళ్ళి కూర్చో!"

ఈలోగా హెడ్ మేడమ్ వచ్చారు. "ఎవరు చేశారిది?" అన్నారు.

"నేనే!" అని బుల్లెమ్మ పెట్టిన కేకకు అటెండరు చేతిలో బకెట్ జారి ఇసుకంతా గుమ్మంలో పోసుకుంది. ఆమె జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ తర్వాత, యూనివర్సిటీలోంచి ఎలాగూ వెళ్ళగొడతారన్న ధైర్యంతో ఓ మాట అడిగింది.

"ఇది ఒక్కటే కదా అన్నయ్యా పోయింది. మిగతా రెండు కాపీలు ఎక్కడున్నాయి?"

సలహారావు ఏసీ వైపు చూశాడు. ల్యాబ్ మాస్టారి వైపు చూశాడు. ఎటు చూసినా ఎవరో ఒకరు తననే చూస్తున్నారు.

"అది... మీకు చెప్పడానికి," అన్నాడు చిన్నగా.

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. ఉద్యోగం ఉత్తరం అతని జేబులోనే ఉంది. అప్పుడు హెడ్ మేడమ్‌కు తన బీరువాలో అతని ప్రాజెక్టు పుస్తకం ఉన్నట్టు గుర్తొచ్చింది. ప్రోగ్రాం మొత్తం అందులో అచ్చై ఉంది, అరవై పేజీలు. గడియారం పది చూపిస్తోంది. ఆవిడ వెళ్ళి పుస్తకం తెచ్చి, దారం తెంపి, కాగితాలను కంప్యూటర్‌కు మూడేసి చొప్పున పంచారు. మాస్టారు మొహం మాడ్చుకుని మూడో నంబరు పొట్ట మూసి, ఫ్లాపీల బకెట్ బోర్లించారు.

ఒకరు చదవడం, ఒకరు కొట్టడం. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. "బ్రాకెట్ ముయ్యి!" "అది సున్నా కాదే, ఓ!" "సెమీకోలన్ మింగేశావు, కక్కు!" ఆ నలభై మందీ తర్వాత తలోదిక్కూ వెళ్ళి, పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూర్చుని, తమ పిల్లలను కాలేజీల్లో చేర్చే వయసుకొచ్చారు. ఇప్పటికీ ఏ ఇద్దరు కలిసినా మార్కుల మాట రాదు. ఆ గదిలో అరికాళ్ళు జివ్వుమనడం, చేతివేళ్ళు కొంకర్లు పోవడం, పక్కవాళ్ళ పేరైనా తెలియకుండానే వాళ్ళ మీద అరవడం, ఇవే చెప్పుకుంటారు. మధ్యాహ్నానికల్లా అందరికీ అందరి పేర్లూ వచ్చేశాయి. ఏ పరిచయ సభలోనూ అంత త్వరగా అంతమంది స్నేహితులవరు.

ముక్కలన్నీ ఒకచోట కలిపితే కంప్యూటర్ రెండు వందల పద్నాలుగు తప్పులు చూపించింది. సలహారావు వాటిని ఒక్కొక్కటే దిద్దుతుంటే, పక్కన బుల్లెమ్మ పొల్లుపోకుండా రాసిపెట్టింది. పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా ప్రోగ్రాం కదిలింది. గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

పక్క యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు గుమ్మంలో ఇసుక దాటుకుని లోపలికొచ్చి, ప్రోగ్రాం నడవడం చూసి తల పంకించారు.

"బాగుంది. ఇంతకీ ఈ ఫ్లాపీ పాడైపోతే నీ పరిస్థితేంటి?"

సలహారావు తలుపు వైపు చూశాడు. "నలభై మంది కూర్చుంటే రెండు గంటల్లో మళ్ళీ తయారైపోతుంది సార్."

"ఊరికే అంచనా వేసి చెబుతున్నావా?"

"లేదు సార్. పరీక్షించి చూశాం."

ఎగ్జామినర్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. ఇంత చమత్కారంగా జవాబు చెప్పే కుర్రాణ్ణి చూసి చాలా రోజులైందన్నారు. అద్దాల తలుపుకు ముక్కులు ఆనించి చూస్తున్న నలభై మందిలో ఒక్కరూ నవ్వలేదు.

ఆయన తొంభై మార్కులు వేసి, రిజిస్టరులో కింద గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: "ఈ ప్రాజెక్టును విద్యార్థి ఇతరుల సాయం లేకుండా, ఒంటరిగా పూర్తి చేశాడు."