ఆరేళ్ల పిల్ల నెలసరి తేదీ

మనిషి శరీరాన్ని ఒకే ముక్కగా చేసి దేవుడు పెద్ద పొరపాటు చేశాడు. దాన్ని సరిదిద్దే బాధ్యతను పెద్దాసుపత్రి తన నెత్తిన వేసుకుంది. అక్కడ ఎముకలది ఒక అంతస్తు, కళ్లది మరొకటి. పిల్లలు రెండో అంతస్తు, ఆడవాళ్లు నాలుగో అంతస్తు. పిల్లల్లో ఆడపిల్లలు కూడా ఉంటారన్న సంగతి భవనం కట్టేశాక తెలిసింది (పరిశీలనలో ఉంది).

ఉదయం ఎనిమిదింటికి ఒక తల్లి ఆరేళ్ల కూతుర్ని చంకనేసుకుని పరుగున వచ్చింది. పిల్లకు ఉన్నట్టుండి పొత్తికడుపులో నొప్పి, ఆగకుండా వాంతులు. అత్యవసర విభాగంలోని కుర్ర డాక్టరమ్మ పొట్ట తడిమి చూసింది.

"అండాశయం మెలిక పడిందేమోనమ్మా. మెలిక పడితే దానికి రక్తం అందదు. గంటలు గడిచేకొద్దీ చచ్చిపోతుంది. ముందు స్కాన్ చేయించండి, పరుగెత్తండి."

తల్లి పరుగెత్తింది.

స్కాన్ కౌంటర్లోని గుమాస్తా మర్యాదస్థుడు. కంప్యూటర్‌ను అడక్కుండా మంచినీళ్లు కూడా తాగడు.

"ఆఖరి నెలసరి ఎప్పుడమ్మా?"

"దానికి ఆరేళ్లండీ!"

"వయసు పై గడిలో రాశాను. ఇది వేరే గడి. అండాశయం అని కొడితే ఇది నింపాల్సిందే, లేకపోతే ముందుకు పోదు."

"ఇంకా పాలపళ్లు కూడా ఊడలేదు బాబూ!"

(పళ్లు ఐదో అంతస్తని అతను ఓపిగ్గా చెప్పాడు.)

అరగంట బతిమాలాక అతని మనసు కరిగింది. ఆ గడిలో పిల్ల పుట్టినతేదీ కొట్టాడు. కంప్యూటర్ లెక్క చూసుకుని, పిల్ల ఆరేళ్లుగా గర్భవతి అని తేల్చి, నాలుగో అంతస్తుకు పంపింది. అక్కడి నర్సు కాగితం చదివి మండిపడింది.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?"

ఆ తర్వాత పిల్లను చూసింది. పన్నెండేళ్లలోపు వాళ్లకు తమ దగ్గర మంచం లేదంది. రెండో అంతస్తువాళ్లు మంచం ఇస్తామన్నారు గానీ, అండాశయం మాత్రం పైవాళ్లదేనన్నారు. మెట్ల మధ్య పిల్ల ఏడవడం మానేసింది. దీన్ని ఉపశమనంగా నమోదు చేశారు.

ఒంటిగంటన్నరకు కుర్ర డాక్టరమ్మ వాళ్లను మెట్ల మీద చూసి నిర్ఘాంతపోయింది. ఏ గడీ నింపకుండా స్కాన్ గదిలోకి తీసుకెళ్లి తనే చూసింది. అండాశయం ఉబ్బిపోయి ఉంది. పిల్లల సర్జన్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది (ఆమెకు మెమో ఇచ్చారు).

ఆపరేషన్ అయ్యాక సర్జన్ బయటికొచ్చాడు.

"మెలిక విప్పామమ్మా. అండాశయం నల్లబడింది. అయినా తీసెయ్యలేదు, కోలుకోవచ్చు. బతికిందో లేదో కొన్ని వారాలకు స్కాన్‌లో తెలుస్తుంది. కాస్త ముందుగా తీసుకొచ్చి ఉంటే బాగుండేది."

"పొద్దున ఎనిమిదింటి నుంచీ ఇక్కడే ఉన్నాం సార్."

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. కేసు షీటు తెరిచాడు. ఆలస్యానికి కారణం అన్నచోట కంప్యూటర్ రెండే చూపించింది: తండ్రి, తల్లి. తండ్రి ఊళ్లో లేడని కనుక్కుని, అన్యాయం జరగకూడదని, తల్లి అని నొక్కాడు.