పరంధామయ్యగారి ఎడమ కాలు

ప్రేమకు సరిహద్దులు లేవు!

ఈ మహావాక్యాన్ని పరంధామయ్యగారు ఏటా సింగపూర్‌లోని తమ బ్యాంకు ఆడిటోరియంలో, మైకు ముందు, కోటు గుండీలు పెట్టుకుని మరీ ప్రకటిస్తారు. ఆయన ఆ బ్యాంకు ఇంక్లూజన్ కమిటీకి అధ్యక్షులు. మగవాడు మగవాణ్ణి ప్రేమించినా, స్త్రీ స్త్రీని ప్రేమించినా యాజమాన్యానికి ఎంతమాత్రమూ అభ్యంతరం లేదని ఇంద్రధనుస్సు బ్యాడ్జీ తగిలించుకుని ఆయన చెబుతుంటే, ముందు వరుసలో కూర్చున్న పెద్ద అధికారులు సైతం కళ్లు తుడుచుకునేవారు. అయితే ఆ బ్యాడ్జీ టాంపినీస్ స్టేషన్‌లో రైలు దిగేసరికి జేబులోకి వెళ్లిపోయేది. అక్కడి నుంచి ఇంటిదాకా తెలుగువాళ్లు ఎక్కువ.

అటువంటి విశాల హృదయుడి ఇంట్లో, ఒక ఆదివారం భోజనాల దగ్గర, కొడుకు కౌశల్ నోరు విప్పాడు. తానూ వరుణ్ ప్రేమించుకున్నామనీ, యీషున్ ఫ్లాట్‌లో ఉంటున్నది కాపురమేననీ చెప్పాడు. వరుణ్ అంటే అప్పటిదాకా ఆ ఇంట్లో అందరికీ రూమ్మేటు. తల్లి భ్రమరాంబ గరిటె చేతిలో అలాగే పట్టుకుని కాసేపు ఏడ్చి, తర్వాత ముక్కు తుడుచుకుని, "ఆ పిల్లాడు వంకాయ తింటాడా?" అని అడిగింది. పరంధామయ్యగారు మాత్రం ఏడవలేదు. కమిటీ అధ్యక్షులు ఏడవకూడదు.

"నా ఫుల్ సపోర్ట్ నీకే," అన్నారాయన. "కానీ జనం ఇంకా రెడీగా లేరురా. నా సంగతి కాదు నేను చెప్పేది. జనం సంగతి."

"ఓకే నాన్నా. ఒక్కటే అడుగుతున్నా. మీ షష్టిపూర్తిలో కొడుకూ కోడలూ కాళ్లు కడుగుతారు కదా. నా పక్కన వరుణ్ కూర్చోవాలి. దట్స్ ఆల్."

పరంధామయ్యగారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. షష్టిపూర్తి అంటే మాటలా? కమ్యూనిటీ క్లబ్ హాలు, పురోహితుడు, సన్నాయి రికార్డు, ఊళ్లో ఉన్న తెలుగువాళ్లంతా పట్టుచీరల్లో. కాదంటే కమిటీ పరువు పోతుంది, అవునంటే తన పరువు పోతుంది. ఇలాంటి ఇరకాటంలోంచి బయటపడటానికి బ్యాంకుల్లో ఒక పద్ధతి ఉంది.

"ముందు పైలట్ చేద్దాం," అన్నారాయన. "చిన్న స్కేల్‌లో, బయటి ఊళ్లో. సక్సెస్ అయితే ఇక్కడ రోలవుట్."

పైలట్‌కు ఆయన ఎంపిక చేసిన స్థలం ఆల్ప్స్ కొండల నడుమ ఒక సరస్సు ఊరు. మగ జంటలైనా ఆడ జంటలైనా సెలవులకు హాయిగా రావచ్చని ఆ ఊరికి పేరు. హోటళ్ల మీద ఇంద్రధనుస్సు జెండాలే ఎగురుతాయట. అయితే ఆయన మనసు దోచుకున్న సుగుణం వేరే ఉంది. ఎంత వెతికినా ఆ ఊళ్లో ఒక్క ఇండియన్ హోటలూ కనబడలేదు. అంటే తెలుగువాళ్లు రారన్నమాట.

నలుగురూ ఆ ఊళ్లో దిగిన మర్నాటి నుంచి పరంధామయ్యగారిని పట్టేవాళ్లు లేరు. బ్యాడ్జీ కోటు మీదే ఉంది. టిఫిన్ దగ్గర పక్క బల్ల ముసలి జంటకూ, రొట్టెల కొట్టు ఆసామికీ, పడవ టిక్కెట్లిచ్చే అమ్మాయికీ, "మై సన్, హిజ్ పార్ట్‌నర్" అని అడక్కుండానే పరిచయం చేశారు. కుర్రాళ్లు మొహమాటపడి ఎడంగా నడుస్తుంటే, "చేతులు పట్టుకోండిరా, ఇక్కడ మనల్ని ఎవరు చూస్తారు?" అని కసిరారు. ఊరి టూరిస్టు ఆఫీసువాళ్లు వీడియో తీస్తామని అడిగితే, నీళ్లకు వీపు పెట్టి నిలబడి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, "నాకు ఇద్దరు కొడుకులు. ప్రేమకు సరిహద్దులు లేవు" అని ఇంగ్లీషులో పలికారు. వరుణ్ మొహం పక్కకు తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అన్యాయం మాట్లాడకూడదు, ఆ నిమిషంలో పరంధామయ్యగారు అబద్ధం ఆడలేదు.

మర్నాడు పడవ మీద ప్రమాదం ముంచుకొచ్చింది. పడవ మునగలేదు. పులిహోర వాసన వచ్చింది.

విదేశంలో తెలుగువాడి కన్నా ముందు అతని టిఫిన్ డబ్బా కనబడుతుంది. అంతకన్నా ముందు ఇంగువ పోపు వస్తుంది. పరంధామయ్యగారు వెనక్కి తిరిగి చూడకుండానే బ్యాడ్జీ పీకి గుప్పిట్లో దాచేశారు. "చేతులు వదలండి," అన్నారు పళ్ల బిగువున.

"ఎవరూ, పరంధామయ్యగారేనా?"

చోవా చూ కాంగ్‌లో ఉండే వెంకటేశ్వర రావుగారు! సాక్షాత్తూ సింగపూర్‌లో తమ తెలుగు సంఘానికి అధ్యక్షులు. ఎడమ చేతిలో డబ్బా, పక్కన ఇద్దరు అమ్మాయిలు.

"ఇతను వరుణ్ అండీ, మావాడి రూమ్మేటు," అన్నారు పరంధామయ్యగారు. "ఇక్కడ వ్యూ బావుంటుందంటే వచ్చాం."

"మా అమ్మాయి రుచిత. ఈ పిల్ల శ్రీజ, దాని రూమ్మేటు. మేమూ వ్యూ కోసమేనండీ," అన్నారు వెంకటేశ్వర రావుగారు. ఆయన కుడి గుప్పిట కూడా గట్టిగా మూసి ఉంది. ఆ పూట మంచు కమ్మి ఎదుటి ఒడ్డయినా కనబడటం లేదు.

వరుణ్ లేచి వెళ్లి పడవ చివర ఒక్కడే నిలబడ్డాడు.

పెద్దలిద్దరూ సింగపూర్ ఉక్కపోత గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. రుచిత, శ్రీజల చేతులు కలిసే ఉండటం పరంధామయ్యగారు చూశారు. ఆయన చూడటం వెంకటేశ్వర రావుగారు చూశారు. అప్పుడాయన గొంతు తగ్గించి, పెళ్లీడు పిల్లలున్న తెలుగువాళ్లు ఎదురుపడితే అడిగే మాటే అడిగారు.

"మీది ఏ గోత్రం అన్నారు?"

"కౌండిన్య. తమది?"

"భారద్వాజ. ఇబ్బంది లేదండీ."

పడవ ఒడ్డు చేరేలోగా సంబంధం కుదిరిపోయింది. మీకూ తెలుసు, మాకూ తెలుసు, ఇంతకన్నా దాపరికం లేని సంబంధం ఎక్కడ దొరుకుతుందని ఒకరినొకరు అభినందించుకున్నారు. పెళ్లయ్యాక పక్కపక్కన రెండు ఫ్లాట్లు తీసుకుంటే ఎవరి ప్రేమ వాళ్లది, లోకం దృష్టికి లోటు లేదు. షష్టిపూర్తిలో రుచిత కాబోయే కోడలి హోదాలో కౌశల్ పక్కన కూర్చుంటుంది.

ఈ శుభవార్త విని కౌశల్, "సీ హౌ లా, నాన్నా," అని ఊరుకున్నాడు. చూద్దాంలే అన్న ఆ మాటను పరంధామయ్యగారు అంగీకారం కింద నమోదు చేసుకున్నారు.

"మరి వరుణ్ ఎక్కడ కూర్చుంటాడండీ?" అని అడిగింది భ్రమరాంబ.

"హాల్లోనే. వెనక వరుసలో ఫ్యాన్ కింద వేయిద్దాం కుర్చీ."

ఆ పైన విమానం చాంగీలో దిగేదాకా ఆవిడ మొగుడితో మాట్లాడలేదు.

షష్టిపూర్తి నాడు హాలు కిటకిటలాడింది. దంపతులు పీటల మీద కూర్చున్నారు. పాదాల కింద పళ్లెం పెట్టి, "కొడుకూ కోడలూ రండి నాయనా," అని పిలిచాడు పురోహితుడు. కౌశల్ వచ్చి కూర్చున్నాడు. పరంధామయ్యగారు రుచిత కోసం కళ్లతోనే సైగ చేశారు. మూడో వరుసలో శ్రీజ పక్కన కూర్చున్న రుచిత, ఆ సైగ ఎవరికో అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. ఈలోగా పట్టుపంచె కట్టుకుని, చెంబుతో నీళ్లు తీసుకుని వరుణ్ వచ్చాడు. ఆ పంచె భ్రమరాంబ పెట్టింది.

కౌశల్ కుడి కాలు కడిగాడు. వరుణ్ ఎడమ కాలి దగ్గర కూర్చుని చెంబు వంచబోయాడు. పరంధామయ్యగారి ఎడమ కాలు చటుక్కున పంచె కుచ్చిళ్లలోకి వెళ్లిపోయింది.

"లేవయ్యా, జనం చూస్తున్నారు," అని ఆయన గుసగుసలాడారు.

వరుణ్ లేవలేదు. పురోహితుడు మంత్రం మధ్యలో ఆపేశాడు.

"అదేంటి పరంధామయ్యా, కాలు ముడుచుకున్నావు?" ముందు వరుసలోంచి కమలాదేవిగారు అడిగారు. ఆవిడ అక్కడివాళ్లందరిలో పెద్దావిడ. ఏ శుభకార్యంలోనూ ఆవిడ మాటకు ఎదురు లేదు. "వీడియోలో ఇద్దరు కొడుకులన్నావు కదా?"

"ఏ వీడియో అండీ?"

"నీ సరస్సు వీడియో. మా ఆడవాళ్ల గ్రూపులో ఎప్పట్నుంచో తిరుగుతోంది. మా మనవరాలు తెలుగులో చెప్పింది. ఎంత బాగా మాట్లాడావు నాయనా. నీ అంతట నువ్వే చెబుతావని మేమెవరం కదపలేదు."

భ్రమరాంబ ఆ సమయంలో హారతి పళ్లెం వైపు ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. పరంధామయ్యగారు బిత్తరపోయారు. జనం ఎప్పుడో రెడీ! సింగపూర్ మొత్తానికి రెడీ కానిది ఒక్కరే, ఆ ఒక్కరూ పీట మీద ఉన్నారు. అయితే కమిటీ అధ్యక్షులకు తేరుకోవడం ఎంతసేపు? మైకు అందుకున్నారు.

"ఇందులో నా గొప్పేం లేదు. నేను మొదటి నుంచీ చెబుతున్నదే. ప్రేమకు సరిహద్దులు లేవు!"

మళ్లీ చప్పట్లు. ఆయన ఉత్తరీయంతో కళ్లొత్తుకున్నారు. చప్పట్లు సద్దుమణిగాక, మూడో వరుసలో ఎవరో వెంకటేశ్వర రావుగారిని అడగడం వినిపించింది.

"మీ అమ్మాయి పక్కన ఆ పిల్లెవరండీ?"

"శ్రీజా? ఏం లేదండీ, రూమ్మేటు."

పరంధామయ్యగారి మనసు చివుక్కుమంది. భార్య వైపు వంగి, బాధగా తల ఊపుతూ అన్నారు: "చూశావా, ఈ రోజుల్లో కూడా ఇంకా ఇలాంటి మనుషులున్నారు."

"ఆయన సంగతి తర్వాత," అంది భ్రమరాంబ. "ముందు ఆ ఎడమ కాలు బయటికి పెట్టండి. పిల్లాడు ఇందాకట్నుంచీ చెంబు పట్టుకుని కూర్చున్నాడు."