పునీత కెన్వెన్ ఊటకు పడ్డ తాళం

పునీత కెన్వెన్ ఊటకు వేసిన తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

ఈస్టర్ పండుగ నాటి నుంచి అడుగుతున్నాను. మేయర్ గారు చిరునవ్వు నవ్వారు. ఫాదర్ గారు ఆకాశం వైపు చూశారు. ఉత్సవ కమిటీ అధ్యక్షులు కదోరె గారు, ఏటా ఆడే నాటకం కోసం పెంచుతున్న తమ గడ్డాన్ని నిమురుకున్నారు. 

అయితే నేను ఫిర్యాదు చేయడానికి ఈ కలం పట్టలేదు. ఆ తాళం మన లాన్‌గెన్ ఊరికి దక్కిన వరమని నిరూపించడానికే పట్టాను!

మీరే ఆలోచించండి. రాతి తొట్టిలో సముద్రం దాటి మన ఒడ్డున దిగిన నాటి నుంచి ఆ తల్లికి ఒక్క పూటైనా విశ్రాంతి దొరికిందా? మోకాళ్ళ నొప్పులు ఆమెకే చెప్పాలి. పాలివ్వని ఆవుల సంగతి ఆమెకే చెప్పాలి. ఇల్లు పట్టని మొగుళ్ళ సంగతీ ఆమెకే! పెళ్ళికాని అమ్మాయిలు ఊటలో గుండుసూది వేసి, అది తేలితే తమ అదృష్టమని గంతులు వేశారు. మునిగితే ఆమెను తిట్టిపోశారు. ఇనుము మునగడం పునీతురాలి తప్పా? పదమూడు శతాబ్దాల చాకిరీ తర్వాత, చుట్టూ ఇనుప కంచె కట్టి, గేటు పెట్టి, తాళం వేసి ఆమెకు సెలవు ప్రసాదించిన ఘనత మన కమిటీకే దక్కాలి.

గేటుకు తగిలించిన బోర్డు చదివారా? "ఈ ఊట ప్రజలందరిదీ. లోపలికి ప్రవేశం లేదు." ఈ రెండు వాక్యాలను తగవు లేకుండా పక్కపక్కన నిలబెట్టడానికి ఎంత చదువు కావాలి!

నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ముట్టుకునే వాళ్ళు లేరు కనుక. ఈ పద్ధతిని ఇంతటితో ఆపకూడదని నా మనవి. దీపస్తంభానికి తాళం వేస్తే దీపం అరగదు. పడవలన్నిటినీ రేవులోనే గొలుసులతో కట్టేస్తే ఒక్కడూ మునగడు. చర్చికి తాళం వేస్తే పాపులు అడుగుపెట్టరు. అంతకంటే పవిత్రమైన చర్చి ఎక్కడ ఉంటుంది?

కృతఘ్నులు లేకపోలేదు. రేవు వీధి సోయజిక్ సంగతే తీసుకోండి. ఆమె తమ్ముడు ఎర్లె, పీతలు పట్టేవాడు, బ్రెస్ట్ పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. సోమవారం ఉదయం గుండెకు ఆపరేషన్. ఇంకా ఆలస్యమైతే బతకడని డాక్టర్లు స్పష్టంగా చెప్పారు. ఎర్లె కూడా అంతే స్పష్టంగా చెప్పాడు: తన చొక్కాను కెన్వెన్ ఊటలో ముంచి తెచ్చి తొడిగితే తప్ప ఆపరేషన్‌కు ఒప్పుకోడు. వాళ్ళ నాన్నకూ తాతకూ అలాగే తొడిగారు. ఇద్దరూ లేచి నడిచారు.

మొన్న బుధవారం రొట్టెల దుకాణం ముందు, చొక్కా చంకలో పెట్టుకుని, సోయజిక్ కదోరె గారిని పట్టుకుంది. ఆమె వెనకే నిలబడ్డాను కనుక ఇది వినికిడి మాట కాదు.

"ఏమయ్యా కదోరె, ఆ గేటు తియ్యవయ్యా. చొక్కా ముంచుకుని వెళ్ళిపోతా."

"అమ్మో, కుదరదు సోయజిక్! గుడ్డలు ముంచితే నీళ్ళు పాడైపోవూ? అది పునీతురాలి వారసత్వం."

"వారసత్వమా? చిన్నప్పుడు నీ ఒంటి గజ్జి మా అమ్మ కడిగింది ఆ నీళ్ళతోనే. అప్పుడు పాడవలేదేం?"

వరుసంతా గొల్లుమంది. దుకాణం ఆవిడ ఇవ్వబోయిన రొట్టె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"పోనీ, తాళం చెవి ఎక్కడుందో చెప్పు."

"భద్రంగా ఉంది."

"అదే, ఎక్కడ?"

"చెప్పేస్తే ఇంక భద్రమేముంది?"

"మరి మా తమ్ముడు పోతే?"

"అబ్బా, కుళాయిలో వచ్చేవీ ఆ కొండ నీళ్ళేగా! తడిపి ఇచ్చెయ్. వాడికేం తెలుస్తుంది?"

ఆమె ఆ పనీ చేసింది. ఎర్లె చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుని, "కుళాయి నీళ్ళ మందు కంపు. నువ్వు కూడానా అక్కా?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడట. చొక్కా మళ్ళీ ఊరికి చేరింది.

ఇక ఈ ఆదివారమే ఉత్సవం. కెన్వెన్ కథను మళ్ళీ ఆడతారు. కరువు కాలంలో కోన్మాయెల్ దొర ఊట చుట్టూ కంచె కట్టి తాళం బిగించాడు. జనం నాలుకలు పిడచకట్టుకుపోతుంటే కెన్వెన్ నడిచి వచ్చింది. చెవి ఎవరి దగ్గర ఉందని ఆమె అడగలేదు. చేతిలోని చెక్క గరిటెతో ఒక్క దెబ్బ వేసింది; తాళం ఊడి పడింది. మనం ఆమెను కొలిచేది ఇందుకే, మరి దేనికీ కాదు. అట్టతో చేసి వెండి రంగు పూసిన తాళం ఏటా ఊడి పడుతుంది. ఏటా మనం అరచేతులు మండేలా చప్పట్లు కొడతాం.

నాటకం ఎక్కడ ఆడతారు? ఆ ఇనుప గేటు ముందే. కోన్మాయెల్ వేషం ఎవరిది? ఎన్నో ఏళ్ళుగా కదోరె గారిదే. అది వేషమని ఇన్నాళ్ళూ మనమే పొరబడ్డాం!

కోన్మాయెల్‌కు అన్యాయం చేయడం నాకు ఇష్టం లేదు. ఆయన తన గుర్రాలనైనా ఆ నీళ్ళు తాగనిచ్చాడు.

నాటకం ముగిశాక బ్రెస్ట్‌కు ఒక బస్సు ఉంది. సోయజిక్ చొక్కా ఒడిలో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంటుంది. కనుక మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. అట్ట తాళం ఊడి పడినప్పుడు చప్పట్లు కొట్టకండి. చేతులు కట్టుకుని, కోన్మాయెల్ కళ్ళలోకి సూటిగా చూస్తూ, అతని వెనకనున్న తాళం తెరుచుకునే దాకా మీ చోటు నుంచి కదలకండి.