ఆరో రేకు

"ఇకపై ఆ పువ్వు అనాథ కాదు!" అని మంత్రిగారు ప్రకటించేసరికి హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పువ్వు తరఫున పూల మేడం లేచి నమస్కారం పెట్టింది.

పూల మేడం అంటే వృక్షశాస్త్ర శాఖలో శాస్త్రవేత్త. ఏళ్ల తరబడి కొండలు పట్టుకు తిరిగి, చివరికి ఒక శిఖరం మీద, బండ పగులులో వేలిగోరంత ఊదారంగు పువ్వును పట్టుకుంది. అయిదు రేకులు, ఆకు అడుగున వెండి నూగు. భూతద్దం పెట్టి చూసి, ఇలాంటిది ఇంకెక్కడా దొరకలేదని తేల్చింది. ఆ సంగతి పైవాళ్లకు చెప్పడం ఒక్కటే ఆవిడ చేసిన పొరపాటు.

మంత్రిగారు దయామయులు. హెలికాప్టర్‌లో వెళ్లి పువ్వును స్వయంగా పరామర్శించారు.

"మట్టి లేదు, నీళ్లు లేవు, నెత్తిన నీడ లేదు! ఎలా బతుకుతోందమ్మా పాపం?"

"దానికి అదే ఇష్టం సార్. మట్టి వేస్తే కుళ్లిపోతుంది."

"లేనివాళ్లంతా అలాగే అంటారు. మొహమాటం!" అని కళ్లు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫర్ అడిగితే మళ్లీ తుడుచుకున్నారు.

అలా పుట్టింది పుష్ప సంక్షేమ పథకం. అమలు బాధ్యత డైరెక్టరుగారికి అప్పగించారు. ఆయన అంతకుముందు రోడ్ల శాఖలో పనిచేసిన అనుభవశాలి. మట్టి, ఎరువు, పైపులైను, గ్రీన్ నెట్ అన్నీ కొండెక్కించారు. మేడం అడ్డం పడితే, "మీకు పువ్వుల గురించి తెలుసు, పథకాల గురించి తెలీదు" అని ప్రేమగా పక్కకు జరిపారు.

పువ్వు ప్రభుత్వ ఫలాలన్నీ అందుకుంది. వారం తిరక్కుండా నల్లబడి, వేళ్లతో సహా కుళ్లింది. మేడం బురదలో చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకోండి మేడం. రేపు ప్రారంభోత్సవం పెట్టుకుని ఏమిటిది?" అంటూ డైరెక్టరుగారు సంచీలోంచి ప్లాస్టిక్ పువ్వు తీశారు. రంగు బాగానే కుదిరింది.

"దీనికి ఆరు రేకులున్నాయి సార్! మనదానికి అయిదే."

"తగ్గితే భయపడాలి గానీ, పెరిగితే భయమేమిటండీ?"

ఆయన దూరదృష్టికి జోహార్లు. మర్నాడు కొండ మీద మంత్రిగారు ఆ పువ్వును పెట్టిన గాజుపెట్టెలోకి తొంగిచూసి, వేలుపెట్టి లెక్కబెట్టి, మైకు అందుకున్నారు. "నేను మొదట వచ్చినప్పుడు అయిదే రేకులు. ఇవాళ ఆరు! ఇదీ మా పథకం సాధించిన ప్రగతి!" మేడానికి శాలువా కప్పారు. ఇంటి దగ్గర్నుంచి అత్తగారు ఫోన్ చేసి, "టీవీలో చూశానమ్మా, పువ్వు ఎంత నిగనిగలాడుతోందో! నీ చెయ్యి మంచిది" అంది. మేడం ఫోన్ పెట్టేసింది.

అంతలో మంత్రిగారికి ఢిల్లీ నుంచి వచ్చిందా అన్నంత హడావుడిగా ఫోన్ మోగింది. సిగ్నల్ కోసం ఆయన బండ వెనక్కి నడిచారు. డైరెక్టరుగారూ, మేడమూ వెంట వెళ్లారు. మాట్లాడటం అయ్యాక మంత్రిగారు కిందికి చూసి ఆగిపోయారు.

బండ పగులులో కొత్తగా విచ్చుకున్న ఊదారంగు పువ్వులు, గుత్తులుగా. అయిదు రేకులు. గాలికి ఆకు తిరగబడితే అడుగున వెండి నూగు.

"ఇవి కూడా అవేనా? అయితే వీటికీ పథకం పెడదామా?"

డైరెక్టరుగారు అప్పటికే పైపులైనుకు అడుగులు కొలుస్తున్నారు.

"అబ్బే, కాదు సార్!" అంది మేడం. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు అధికారి గొంతులా పలికింది. "ఇవి పిచ్చి మొక్కలు. అయిదే రేకులు చూడండి."

"అదీ! చూడగానే అనుకున్నా. మరి పీకించెయ్యమంటారా?"

"దండగ ఖర్చు సార్. పట్టించుకోకపోతే వాటంతట అవే పోతాయి."

మంత్రిగారు గంభీరంగా తల పంకించి, డైరెక్టరుగారి వైపు తిరిగారు. "రాసుకోండి. బండకి ఈ పక్క తట్టెడు మట్టి వెయ్యకూడదు. గుప్పెడు ఎరువు చల్లకూడదు. చుక్క నీళ్లు పొయ్యకూడదు. ఎవడైనా ఇటు అడుగుపెడితే సస్పెండ్ చేసేస్తాను!"

కొండ మీద ఆ రోజు చాలా ప్రసంగాలు జరిగాయి. మేడం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది మాత్రం దీనికే.